పైవాళ్ళు పంపిన వెల్డరు

మనిషన్నాక ఏదో ఒకటి తప్పుతాడు. కొందరు దారి తప్పుతారు, కొందరు మాట తప్పుతారు. నేను పడవ తప్పాను. మూడు నెలలు చేతులు కాల్చుకుని ఒక పాత ఇనుప పడవని పెళ్ళికూతురిలా తయారుచేశాక, నేను బాగుచేయాల్సిన పడవ అది కాదని తెలిసింది. పర్చూరు చుట్టుపక్కల ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఆ సంగతి ఇప్పటికీ ఎవరో ఒకరు చెబుతుంటారు, అదీ నాకే, నాకు తెలియదన్నట్టు. పోనుపోను వాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధాలు ఎక్కువయ్యాయి. మొన్న ఒకాయన నేను బాగుచేసింది ఓడ అన్నాడు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెబుతున్నాను. మీరు నవ్వుకోండి, నేను అలవాటుపడ్డాను.

నా పేరు రత్నరాజు. పర్చూరులో ట్రాక్టరు ట్రక్కులు తయారుచేసే వెల్డింగు షాపు నాది. ఏడెనిమిదేళ్ళ కిందట, ముప్పై దాటిన కొత్తలో, ఇనుముతో చేసినది ఏదైనా నా మాట వింటుందని నాకొక నమ్మకం ఉండేది. ఇనుముకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే పాస్టరు ఆనందం గారు నా షాపు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన సంఘం కాలవకి అవతలి పేటలో ఉంది. ఆ పేట ఆడవాళ్ళు పత్తితీతలకీ మిరపకోతలకీ కాలవ దాటి ఇవతలికి రావాలి. వంతెనేమో నాలుగు కిలోమీటర్ల దూరం. సంఘానికి ఇనుప పడవ ఒకటి ఉంది గాని అది చిల్లులు పడి మూడేళ్ళుగా గట్టున పడి ఉంది. క్రిస్మస్ నాటికి దాన్ని నీళ్ళలోకి దించాలని, ఇంటింటా కూలి డబ్బుల్లోంచి తలా కాస్త తీసి రేకులు కొన్నారు.

"పడవ పని తెలుసా బాబూ?" అన్నారు పాస్టరు గారు.

"పడవంటే ఏముందండీ. చక్రాల్లేని ట్రక్కే కదా" అన్నాను.

"ట్రక్కులోకి నీళ్ళొస్తే ఎవరూ మునగరు" అన్నారు.

"మీరు చూస్తారుగా" అన్నాను.

"వంతెన దగ్గర కుడిచేతి వైపు తిరిగి, గట్టు మీదే నాలుగు కిలోమీటర్లు పో. తుమ్మచెట్టు కింద బోర్లా పడి ఉంటుంది" అని చెప్పి వెళ్ళారు. ఆ వారంలోనే స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, ఒంగోల్లో కూతురి దగ్గరికి చేరారు.

నేను బయల్దేరుతుంటే మా ఆవిడ సుగుణ అడిగింది. "పేటకి పోయి ఎవరినన్నా తోడు తీసుకోరాదా? పడవని చూపిస్తారు."

"తుమ్మచెట్టు కింద బోర్లా పడ్డ ఇనుప పడవలు ఎన్నుంటాయే ఈ లోకంలో?" అన్నాను.

రెండుంటాయి.

పాస్టరు గారు కుడి అన్నది అవతలి నుంచి వంతెనకి వచ్చేవాడి కుడి. నేను ఇవతలి నుంచి వెళ్ళాను. కాలవ గట్టున తుమ్మచెట్టుని గుర్తు చెప్పడమంటే, పెళ్ళి పందిట్లో తెల్లపంచె కట్టుకున్నాయన్ని పిలుచుకు రమ్మన్నట్టే. అయినా నా ఖర్మకి సరిగ్గా నాలుగో కిలోమీటరు దగ్గర తుమ్మచెట్టూ ఉంది, దాని కింద బోర్లా పడ్డ పడవా ఉంది. పడవకింద నాలుగు మేకలు, వాటి పక్కన కోళ్ళు కాపురం ఉంటున్నాయి.

టేపు తీసి కొలతలు పుస్తకంలో రాసుకుంటుంటే, పక్క పత్తిచేలోంచి అరవై దాటిన పెద్దాయన ఒకరు వచ్చారు. పేరు అప్పయ్య గారు. ఆ చేనూ, చేలో మోటారు కొట్టమూ ఆయనవే.

"ఎవరండీ మీరు?"

"పడవ బాగుచేయడానికి వచ్చానండీ."

ఆయన నన్ను చూశారు. టేపునీ, పుస్తకాన్నీ, చెవిలో పెట్టుకున్న పెన్సిలునీ చూశారు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు.

"మీవాళ్ళు వచ్చి రాసుకుపోయి మూడేళ్ళయింది సార్. ఇంక రారనుకున్నా" అన్నారు.

ఆయన అన్నది, వరదొచ్చినప్పుడు పడవ నష్టం రాసుకుపోయిన ఆఫీసు వాళ్ళ గురించి. నేను అనుకున్నది సంఘం పెద్దల గురించి. మూడేళ్ళ మాట రెండువైపులా సరిపోయింది. ఆయనెవరని నేను అడగాల్సింది. సంఘం వాళ్ళు పడవకి కాపలా పెట్టిన రైతు కాబోలు అనుకున్నాను. అసలు కారణం ఇంకొకటుంది, దాచుకోను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్ను "సార్" అని పిలిచిన మొదటి మనిషి ఆయన. షాపులో నన్ను "ఒరేయ్ రత్నం" అనేవాళ్ళే అందరూ. ఆ పిలుపు చెవిన పడగానే నా వెన్నెముక దానంతటదే నిటారైంది. సార్లు ప్రశ్నలు అడుగుతారా? సార్లు తల ఊపుతారు. నేనూ ఊపాను.

"రేపటికల్లా వీటిని ఖాళీ చేయించాలి" అన్నాను మేకలని చూస్తూ.

"మేకలదేముంది, ఇప్పుడే తోలేస్తా. కోడి ఒకటి పొదిగి ఉంది సార్. పది రోజులు ఆగితే పిల్లలొస్తాయి. తవరు దయ చూడాలి."

నేను పుస్తకంలో ఏదో రాస్తున్నట్టు నటించి, "సరే, పది రోజులు గడువు ఇస్తున్నాం" అన్నాను. "ఇస్తున్నాం" అని ఎందుకన్నానో తెలియదు. నేనొక్కణ్ణే ఉన్నాను.

పదకొండో రోజున కోడి పన్నెండు పిల్లలతో బయటికొచ్చింది. నేను పనిలోకి దిగాను. అప్పయ్య గారి ట్రాక్టరుకి గొలుసు కట్టి పడవని వెల్లకిలా తిప్పాం. కరెంటుకి ఆయన మోటారు కొట్టంలోంచే వైరు లాగిచ్చారు. తుప్పు గీకితే ఇనుము కనపడుతుందనుకున్నాను, కింద నేల కనపడింది. అడుగు రేకు మొత్తం అప్పడంలా ఉంది. దాన్ని కోసేసి, పేట వాళ్ళు కొని నా షాపుకి పంపిన కొత్త రేకులు వేశాను. చేతి అలవాటు కొద్దీ, ట్రక్కుకి పెట్టినట్టే వెనకవైపు దించుకునే తలుపు ఒకటి పెట్టబోయాను. తలుపుకి మడతబందులు కూడా అతికించాను. అప్పయ్య గారు వచ్చి చాలాసేపు చూశారు.

"ఇది ఎందుకు సార్?"

"సరుకు దించుకోవడానికి."

"కాలవ మధ్యలో తెరుచుకుంటే, మేం కూడా దిగిపోతాం గదండీ."

నేను గొంతు సవరించుకుని, "అదే చూస్తున్నాను" అని, ఆ బందులు కోసేశాను.

రోజూ మధ్యాహ్నం ఆయన ఇంటినుంచి మజ్జిగ తెచ్చేవారు. గోంగూర పచ్చడి వేసిన అన్నం తెచ్చేవారు. తుమ్మనీడన కూర్చుని మేం మాట్లాడుకున్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ నా తల తిరుగుతుంది.

"పనంటే మీదే సార్. నేను మీకేం ఇచ్చుకోవాలో చెప్పనేలేదు."

"మీరేమీ ఇవ్వక్కర్లేదు. అంతా పైవాడి దయ."

"అవును మరి. పైవాళ్ళ దయ లేకపోతే ఏ కాయితం కదులుతుంది" అనేవారు ఆయన. "పైవాళ్ళు ఎప్పుడన్నా వచ్చి చూసుకుంటారా?"

"పైవాడు రోజూ చూస్తూనే ఉంటాడండీ."

ఆయన ఉలిక్కిపడి గట్టు అటూ ఇటూ చూశారు. మర్నాటినుంచి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవారు.

పడవ ముక్కు దగ్గర పేరు రాయమని పాస్టరు గారు ఫోన్లో చెబితే, తెల్లరంగుతో "కృప" అని రాశాను. అప్పయ్య గారు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు.

"పథకం పేరా సార్?"

"పథకమనే అనుకోండి. అంతా దేవుడి ప్రణాళిక."

"ప్రణాళికంటే ఢిల్లీ నుంచే అయ్యుంటుంది" అని ఆయన తనలో తాను అనుకోవడం నాకు వినపడింది. భక్తిలో ఈయన నాకన్నా రెండాకులు ఎక్కువే చదివాడనుకున్నాను.

నన్ను కాపాడడానికి దేవుడు రెండు అవకాశాలిచ్చాడు. మొదటిది దీనమ్మ. ఆమె పేట ఆడవాళ్ళ కూలి ముఠాకి పెద్ద. ఒకరోజు ముఠాతో అప్పయ్య గారి చేలో పత్తి తీయడానికి ఆటోలో వచ్చింది. నన్ను చూసి గట్టెక్కి వచ్చి, "నువ్వేనా పాస్టరు గారు పెట్టిన వెల్డరువి? మాది ఎప్పుడు మొదలెడతావయ్యా?" అంది.

నా పని ఆలస్యమవుతోందని ఎత్తిపొడుస్తోంది అనుకున్నాను. "మొదలెట్టడమేందమ్మా, సగం పైన అయిపోతేనూ" అన్నాను.

ఆమె నన్నూ పడవనీ మార్చి మార్చి చూసింది. "అయిపోయిందా? ఎక్కడ?" అంది.

"కళ్ళెదురుగా పెట్టుకుని ఎక్కడంటావేంది?" అన్నాను.

ఆమె ఇంకేదో అనబోయి, చేలోంచి ఎవరో కేకేస్తే వెళ్ళిపోయింది. వీడు రెండు పడవలు కలిపి చేస్తున్నాడు కాబోలు, చదువుకున్నవాడు, మనకేం తెలుసు అనుకుందట. పేటలోనూ అదే చెప్పిందట. నేను పదో తరగతి తప్పానని ఆమెకి తెలియదు.

రెండోది ఫోటో. తుప్పు పట్టకుండా ఎర్రటి రెడాక్సైడు రంగు వేసిన పడవ పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, ఒంగోల్లో పాస్టరు గారి కూతురి ఫోనుకి పంపాను. పాస్టరు గారికి చూపు మందం. ఆ అమ్మాయి పడవని ఏనాడూ చూసి ఎరగదు. ఇద్దరూ కలిసి చూశారు.

"నువ్వు కనపడుతున్నావు రత్నం. వెనకాల ఎర్రగా ఏదో ఉంది" అన్నారు ఆయన.

"అదేనండీ మన పడవ."

"చాలా బాగుందని అంటోంది మా అమ్మాయి. గుర్తుపట్టలేనంత మారిపోయింది" అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారని సామెత. మేం ముగ్గురం కలిసి ఆ దూడకి పేరు కూడా పెట్టాం.

చివరగా నీటి పరీక్ష. పడవలో నీళ్ళు నింపి చూడాలి. బయటికి కారకపోతే లోపలికీ రావన్నమాట. అప్పయ్య గారు మోటారు వేసి పైపు పెట్టారు. మొదటిసారి ఏడు చోట్ల కారింది. సుద్దముక్కతో గుర్తులు పెట్టి మళ్ళీ అతికాను. రెండోసారి మూడు చోట్ల. మూడోసారి చుక్క కారలేదు. అప్పయ్య గారు పొడిగా ఉన్న అడుగు రేకుని బయటినుంచి అరచేత్తో తడిమి, ఆ చెయ్యి నాకు చూపించారు. ఎన్నో ట్రక్కులు చేశాను గాని, ఒక మనిషి నా పనిని అలా తడిమి చూడడం అదే మొదలు. ఆ ఒక్క నిమిషం మాత్రం నిజమే. మిగతాదంతా ఎవరి పడవో.

పడవకి రంగు వేయగానే పండగ కాదని మర్నాడే తెలిసింది. క్రిస్మస్ రెండు రోజులుందనగా పాస్టరు గారు వస్తానన్నారు, పడవ దగ్గరికే వస్తానన్నారు. పొద్దున్నే పడవని దుంగల మీదికెక్కించి సిద్ధంగా ఉంచాను. సుగుణ మంగళగిరి చీర కట్టుకుని వచ్చింది. అప్పయ్య గారు భార్యతో, చుట్టాలతో వచ్చారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ఆయన చేతిలో బంతిపూల దండ. దండ పడవకే అనుకున్నాను. కాదు, నాకట.

పదకొండింటికి ఫోను మోగింది.

"రత్నం, వచ్చేశాను. పేట వాళ్ళంతా వచ్చారు. నువ్వెక్కడ?"

"పడవ దగ్గరే ఉన్నానండీ."

"నేనూ పడవ దగ్గరే ఉన్నాను. కనపడవేం?"

గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. మేకలు తప్ప ఎవరూ లేరు.

"నేను పడవలోనే నిలబడి ఉన్నానండీ" అన్నాను.

"నేను దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను నాయనా."

ఆయనకి చూపు మందమని తెలుసు గాని, ఇంత అని తెలియదు. వంగి పడవ అవతలి పక్క కూడా చూశాను. అక్కడా లేరు.

"చెయ్యి జాగ్రత్తండీ, రంగు అంటుకుంటుందేమో."

"అంటుకుంటోంది" అన్నారు పాస్టరు గారు. "తుప్పు." తరవాత మెల్లగా అడిగారు. "ఇంకా బోర్లానే ఉంచావేం బాబూ?"

నేను నా కాళ్ళకింద చూసుకున్నాను. పడవ బోర్లా లేదు. నేను బోర్లా ఉన్నానేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఈలోగా ఫోను దీనమ్మ అందుకుంది.

"నువ్వు నిలబడ్డ చోట పత్తిచేను ఉందా?"

"ఉంది."

"మోటారు కొట్టం?"

"ఉంది."

"భుజాన తువ్వాలేసుకున్న పెద్దాయన?"

"ఉన్నారు. చేతిలో దండ పట్టుకుని."

"అయ్యా, అది అప్పయ్య గారి పడవ. మాది ఇక్కడుంది, వంతెనకి అటు పక్క. మాది ఎప్పుడు మొదలెడతావని ఆరోజే అడిగితిని గదయ్యా."

ఫోను చెవి దగ్గరే ఉంది. అప్పయ్య గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"పైవాళ్ళా సార్?"

"అప్పయ్య గారూ, నన్ను ఎవరు పంపారనుకుంటున్నారు?"

"గవర్నమెంటు."

"కాదండీ. నన్ను పాస్టరు ఆనందం గారు పంపారు."

ఆయన తల పంకించారు. "ఆయన ఏ డిపార్టుమెంటు?" అన్నారు.

నేను పడవలోనే కూలబడ్డాను. చెప్పినదంతా విని ఆయన చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుగుణ తిట్టి ఉంటే బాగుండేది. పేట ఆడవాళ్ళు మిరపకాయల మంటకి చేతులు నీళ్ళలో పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను. ఆ చేతులతో ఇచ్చిన డబ్బుతో కొన్న రేకుల్ని, మరొకరి కోళ్ళగూటికి అతికించాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. నా విషయంలో తిరగబడింది. అడగని నేనే ఊరందరికీ లోకువయ్యాను.

అరగంటకి పాస్టరు గారు కర్ర పట్టుకుని ఆటో దిగారు. వెనక ఇంకో ఆటోలో దీనమ్మ, పేట పెద్దలు. ఎవరూ అరవలేదు. పాస్టరు గారు పడవ చుట్టూ తిరిగి, మొహం దగ్గరగా పెట్టి చూసి, "పని మాత్రం గట్టిగా చేశాడు" అన్నారు. అదే ఎక్కువ బాధ.

రేకులు కోసి తీసుకుపోవాలా, పడవ ఎవరిదనుకోవాలి అని పెద్దలు గుసగుసలాడుతుంటే అప్పయ్య గారు కలగజేసుకున్నారు.

"పడవ నాది. రేకులు మీవి. కోస్తే ఇద్దరికీ మిగిలేది చిల్లులే" అన్నారు. "పండక్కి నా పడవ తీసుకుపోండి. మీది బాగయ్యేదాకా తిప్పుకోండి. తరవాత నా మిరపకాయల టిక్కీ బస్తాలు అవతలి గట్టుకి దాటించుకుంటా. కాకపోతే గడ నేనే వేస్తా. మూడు నెల్లు మజ్జిగ పోశా, ఇది తేలుతుందో లేదో నేను చూడాల."

"ఇతన్ని ఏం చేద్దాం?" అంది దీనమ్మ నన్ను చూపించి.

"రెండో పడవకి రేకులూ, పనీ ఇతనే పెట్టుకుంటాడు" అంది సుగుణ. నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా లేదు.

అప్పయ్య గారి భార్య పడవకి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. పడవని నీళ్ళలోకి దించాం. అది తేలింది. చుక్క నీరు లోపలికి రాలేదు. అప్పయ్య గారు గడ వేస్తుంటే, ఎక్కినవాళ్ళతో ఎనిమిది కిలోమీటర్లూ పేటదాకా పోయాం. బంతిపూల దండ సంగతి ఎవరూ ఎత్తలేదు. దాన్ని మేక తినేసింది.

మిరపకోతలు మొదలయ్యేలోపు రెండో పడవ పూర్తి చేశాను. ఈసారి పేట వాళ్ళు వంతులేసుకుని రోజుకొకరు నా పక్కన కాపలా కూర్చున్నారు. అప్పయ్య గారు ఆ ఎండలో అంత దూరం మజ్జిగ పంపడం మానలేదు. కాకపోతే "సార్" పోయింది. "ఒరేయ్ రత్నం, ఈ పడవన్నా వీళ్ళదేనా?" అని ఫోన్లో అడిగేవారు.

దాన్ని నీళ్ళలోకి దించిన రోజున అందరూ గట్టున నిలబెట్టి నాచేత ఒట్టు వేయించారు. బైబిలు ప్రకారం మనవాళ్ళు ఒట్లు పెట్టుకోకూడదు గాని ఇతనికి మినహాయింపు ఇద్దామన్నారు పాస్టరు గారు. ఆయన పాటల పుస్తకం చాపి దానిమీద చెయ్యి పెట్టమన్నారు. అప్పయ్య గారు పడవ మీద పెట్టమన్నారు. సుగుణ తన తల మీద పెట్టమంది. నాకున్నవి రెండు చేతులు. ఒకటి పడవ మీద, ఒకటి సుగుణ తల మీద పెట్టి, పాటల పుస్తకాన్ని గడ్డం కింద నొక్కిపట్టాను. నోరు తెరిస్తే పుస్తకం కాలవలో పడుతుంది గనక ఒట్టు మనసులోనే చదివాను. ఎవరికీ వినపడలేదు. కాబట్టి ఇక్కడ మొదటిసారి బయటపెడుతున్నాను.

రత్నరాజు అనే నేను, పడవేగాని, ట్రక్కేగాని, తలుపు గడియేగాని, దాని సొంతదారు స్వయంగా వచ్చి, దాని మీద చెయ్యి వేసి, నా మొహం చూసి "ఇది నాదే" అని ముమ్మారు చెప్పేదాకా గ్రైండరు ముట్టనని, నన్ను ఎవరైనా "సార్" అని పిలిస్తే వెంటనే ఆ చోటు విడిచి పారిపోతానని, నిండు మనసుతో, గడ్డం కదపకుండా ప్రమాణం చేస్తున్నాను.